పదమూడు వారాల డైరీ: ఒక గడియారం, కొన్ని కాజాలు, కాసిన్ని గొడవలు

మొదలుపెట్టక ముందు

ఆడవాళ్ల సాధికారత కోసం వారం వారం కలిసే ఒక గ్రూపు పెడదామనుకుని రాసుకున్న నోట్‌బుక్ మొదటి పేజీలో 16 టాపిక్కులు ఉన్నాయి. ఆత్మవిశ్వాసం, ఆర్థిక స్వాతంత్ర్యం, చట్టాలు, టైమ్ మేనేజ్‌మెంట్, నలుగురిలో మాట్లాడటం, ఇంకా ఏవేవో. వారానికి ఒకటి చొప్పున, పక్కనే నేను చెప్పాల్సిన పాయింట్లు, చివర్లో పది నిమిషాలు ప్రశ్నలకి. అంటే ఆ గదికి రాబోయేవాళ్లని ఒక్క మాటైనా అడక్కుండా వాళ్లకి ఏం కావాలో నేనే కూర్చుని తేల్చేశానన్నమాట. అప్పుడు మాత్రం ఎంత బాగా ప్లాన్ చేశానో అని మురిసిపోయాను. ఆ 16లో ఇప్పటికి వాడింది మూడే, అవి కూడా నేను అనుకున్నట్టు కాదు.

చోటుకి పెద్దగా ఇబ్బంది పడలేదు. లైబ్రరీ మేడ మీద గది ఖాళీగా ఉంటుందని తెలిసి అడిగాను, ఇచ్చారు. శనివారం మధ్యాహ్నం 3 నుంచి 4:30 దాకా. ఆ టైమే ఎందుకంటే అది నాకు వీలైన టైమ్ కాబట్టి. దీని మూల్యం తొమ్మిదో వారంలో తెలిసింది.

1వ వారం

11 మంది వచ్చారు. కుర్చీలు వరసలుగా వేసి ఎదురుగా నేను నిలబడ్డాను. గంటకి పైగా మాట్లాడాను. అందరూ తలలూపారు. "ఎవరైనా ఏమైనా చెప్తారా?" అంటే నేలచూపులు. "బాగా చెప్పారు మేడమ్" అని ఒకావిడ అంది, అంతే.

గదికి తాళం వేసి దిగుతుంటే మెట్ల మీద ఐదారుగురు నిలబడి ఉన్నారు. ఒకావిడ తన జీతం ఎవరి చేతికి వెళ్తుందో చెబుతోంది, "మా ఇంట్లోనూ అదే తంతు అక్కా" అని ఇంకొకామె నవ్వుతోంది, మూడో ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. నన్ను చూడగానే మాట ఆగిపోయింది. "వస్తాం మేడమ్" అని తలో దిక్కూ వెళ్లిపోయారు. నేను పైన తాళంచెవి వెతుక్కుంటూ ఉండగా అసలు మీటింగ్ మెట్ల మీద జరిగిపోయింది.

2వ వారం

కుర్చీలు గుండ్రంగా వేశాం. అందరిలోకీ చిన్నమ్మాయి ఒకతె ఉంది, చదువైపోయి ఉద్యోగం వెతుక్కుంటోంది. ఎవరు ఎంతసేపు మాట్లాడుతున్నారో ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి రాయమని తనకి చెప్పాను. 90 నిమిషాల్లో నేను 52, బాగా మాట్లాడే ఇద్దరూ కలిపి 25, మిగతా ఎనిమిది మందికీ కలిపి 13. ఆ కాగితం నా చేతికిస్తూ "సారీ అక్కా" అంది. మాట్లాడింది నేను, సారీ తను చెప్పింది. నా ఉపన్యాసం కన్నా ఈ ఒక్క సారీలోనే మేం మాట్లాడుకోవాల్సింది ఎక్కువ ఉందనిపించింది.

ఆ రాత్రి పాత సంగతులు చదువుతూ కూర్చున్నాను. 1960ల చివర్లో న్యూయార్క్‌లో ఆడవాళ్లు చిన్న చిన్న గుంపులుగా కూర్చుని చేసిన పద్ధతి ఒకటుంది. ఒక ప్రశ్న తీసుకుని, గది చుట్టూ వరసగా ఒక్కొక్కరూ తమ సొంత బతుకులోంచే జవాబు చెప్పడం, అందరిదీ అయ్యాక వీటన్నిటిలో కలిసేది ఏమిటని చూడటం. 1968 నవంబరులో ఆ స్త్రీ విముక్తి ఉద్యమంలోని కాథీ సారాచైల్డ్ దీన్నొక కార్యక్రమంగా రాసి షికాగో దగ్గర జరిగిన సదస్సులో వినిపించింది. కాన్షియస్‌నెస్ రైజింగ్, అంటే చైతన్యాన్ని మేల్కొల్పడం, అని పేరు. పేరు గంభీరంగా ఉంది గానీ, పని మాత్రం మా వాళ్లు మెట్ల మీద చేసిందే.

మరో రెండేళ్లకి, 1970లో, అదే ఉద్యమంలోని జో ఫ్రీమన్ ఇంకో మాట చెప్పింది. అప్పటి గుంపుల్లో చాలామంది నాయకులు వద్దు, రూల్స్ వద్దు, అందరం సమానం అనుకునేవాళ్లట. రూల్స్ తీసేస్తే పెత్తనం పోదు, కంటికి కనపడకుండా పోతుంది, అంతే. స్నేహాలున్నవాళ్లూ నోరున్నవాళ్లూ నడిపించేస్తారు, ఇదేమిటని అడగడానికి దారి కూడా ఉండదు, అన్నది ఆమె వాదన. చదవగానే 25 నిమిషాలు మాట్లాడిన ఆ ఇద్దరూ గుర్తొచ్చారు. కాసేపటికి 52 నిమిషాల మనిషి కూడా గుర్తొచ్చింది.

3వ వారం

మూడు రూల్స్ పెట్టుకున్నాం. ఒక్కొక్కరికీ మూడు నిమిషాలు, మధ్యలో ఎవరూ అందుకోకూడదు, మాట్లాడాలని లేకపోతే "పాస్" అంటే చాలు, ఎందుకని అడగకూడదు. టైమ్ చూడటానికి ఫోన్ అలారం పెట్టాను. అది సరిగ్గా ఒకావిడ గొంతు పూడుకుపోతున్నప్పుడు కుయ్యిమని మోగింది, అందరూ ఉలిక్కిపడ్డారు. వచ్చే వారానికి చిన్న టేబుల్ గడియారం తెచ్చాను. మాట్లాడే మనిషికి ఎడం పక్కన కూర్చున్నవాళ్లు దాన్ని చేత్తో పట్టుకుని, టైమ్ అయిపోతే మోకాలి మీద మెల్లగా తడతారు. ఇప్పటికీ అదే పద్ధతి.

ఆ రోజు నేను వేసిన ప్రశ్న: "సాధికారత అంటే మీకు ఏమిటి?" పదిమందిలో ఏడుగురు పాస్. తప్పు ప్రశ్నదే. సాధికారత అనేది స్టేజీ మీద, బ్యానర్ మీద ఉండే మాట, ఇంటికెళ్లి "ఇవాళ కాస్త సాధికారత వచ్చింది" అని ఎవరూ అనరు. వాళ్ల ముఖాలు చూసి అక్కడికక్కడే మార్చేశాను: "మీ ఇంట్లో మీ పేరు మీద ఏమున్నాయి?"

ఇక చూడండి. సిమ్ కార్డు ఆయన పేరు మీద, ఇల్లు మామగారి పేరు మీద, కరెంటు బిల్లు ఎప్పుడో చనిపోయినాయన పేరు మీద. ఒకావిడ "నా పేరు మీద ఏమీ లేవు" అని ముగించేసి, మధ్యలో ఇద్దరి వంతు అయ్యాక చెయ్యెత్తి "ఆగండాగండి, లైబ్రరీ కార్డు ఉంది!" అంది. గది గదంతా నవ్వింది, ఆవిడే అందరికన్నా ఎక్కువ నవ్వింది. ఇంకొకామెకి బ్యాంకు ఖాతా ఉంది, సంతకం తనదే, కానీ కార్డు ఎవరి జేబులో ఉంటుందో, పిన్ నంబరు ఎవరికి తెలుసో చెప్పేసరికి నవ్వులు సద్దుమణిగాయి. నైలా కబీర్ అనే పరిశోధకురాలు 1999లో దీన్నే విడదీసి చూపించింది: చేతికి అందే వనరులు వేరు, వాటి మీద మన నిర్ణయం చెల్లడం వేరు, దానివల్ల బతుకులో వచ్చిన మార్పు వేరు. ఖాతా ఉండటం మొదటిది, పిన్ మార్చుకోగలగడం రెండోది. నేను గంట లెక్చర్ ఇచ్చినా ఇంత బాగా వచ్చేది కాదు.

4, 5 వారాలు

ఒకావిడ మొదటిసారి నోరు విప్పింది. కూతురు ఆరునెలలుగా తనతో మాట్లాడటం లేదని. మూడు నిమిషాలు అయ్యాయో లేదో అందరూ ఒక్కసారి మీద పడ్డాం. "నువ్వే ఫోన్ చెయ్యమ్మా." "నేనైతే అస్సలు చెయ్యను." "కొన్నాళ్లు వదిలెయ్, తనే వస్తుంది." "అసలు మీరు చిన్నప్పుడు గారాబం చేసి ఉంటారు." నేనైతే కౌన్సెలర్ నంబరు కూడా ఇచ్చేశాను. చాలా సాయం చేసేశామన్న తృప్తితో ఇంటికి వెళ్లాం.

ఐదో వారం ఆవిడ రాలేదు. ఫోన్ చేస్తే, "అందరూ మంచికే చెప్పారు మేడమ్, కానీ నేను అసలు సంగతి దగ్గరికి ఇంకా రానేలేదు" అంది. ఒక్క మాటలో మా గ్రూపు జబ్బేమిటో పట్టేసింది. ఎదుటివాళ్ల బాధ వింటూ ఊరికే కూర్చోలేం, ఆ ఇబ్బంది వదిలించుకోవడానికే సలహా పారేస్తాం. కష్టం వాళ్లది, ఉపశమనం మనది.

కాబట్టి నాలుగో రూల్: ఎవరైనా చెప్పడం ముగించాక పక్కనున్నవాళ్లు ఒకటే అడగాలి, "వింటే చాలా, సలహా కూడా కావాలా?" అని. చాలామంది "వింటే చాలు" అంటారు. ఈ రూల్‌ని అందరికన్నా ఎక్కువసార్లు తప్పింది నేనే, లెక్క చిన్నమ్మాయి దగ్గర ఉంది.

6వ వారం

ఒకావిడని ఇంట్లో నిలదీశారట, ప్రతి శనివారం అక్కడికెళ్లి ఏం చేస్తున్నారని. ఇంకో ఇద్దరికీ అదే పరిస్థితి. ఏం చెప్పాలి అని చర్చ. "ఏదో ఒక అబద్ధం చెప్పుకుందాం" అని ఒకరు. అందరిలోకీ పెద్దావిడ, తక్కువ మాట్లాడే మనిషి, "అబద్ధం ఎందుకే, కుట్టు నేర్చుకుంటున్నామని చెబుదాం, నేర్చుకుందాం" అంది. ఆవిడ ముప్ఫై ఏళ్లు బట్టలు కుట్టింది.

నాకు నచ్చలేదు. సాధికారత గ్రూపులో కుట్టుపనా, మళ్లీ సూదీ దారమేనా అని ముఖం ముడుచుకున్నాను, పైకి అనలేదు. ఓటు పెడితే నేను ఓడిపోయాను.

ఆ వారం నుంచి ప్రతివాళ్ల ఒళ్లో ఒక గుడ్డముక్క ఉంటుంది. కాజాలతో మొదలుపెట్టించింది ఆవిడ. గుడ్డ మీద సన్నగా గీటు కత్తిరించి, ఆ అంచు వెంబడి సూది గుచ్చిన ప్రతిసారీ దారాన్ని మెలిపెట్టి ముడి వేసుకుంటూ, ముడి పక్కనే ముడి వచ్చేలా చుట్టూ తిరగాలి. గట్టిగా లాగితే గుడ్డ ముడుచుకుపోతుంది, వదిలితే అంచు పీచులు లేస్తుంది. నా మొదటి కాజాలో గుండీ కాదు కదా, సూది కూడా దూరలేదు.

నేను ఊహించనిది ఏమిటంటే, చేతులకి పని దొరికాక నోళ్లు తెరుచుకున్నాయి. కళ్లు గుడ్డ మీద ఉంటే ఎవరి ముఖమూ చూడక్కర్లేదు. మాట మధ్యలో మౌనం వచ్చినా ఇబ్బంది లేదు, కుడుతున్నాం కదా. ఆ రోజు ఒక్క పాస్ కూడా రాలేదు.

ఆ రోజే ఒకామె తల ఎత్తకుండా, "ఆయన నన్ను ఎప్పుడూ కొట్టలేదు, ఆ మాట మాత్రం చెప్పాలి" అని మొదలుపెట్టింది. తర్వాత చెప్పినవి: ఫోన్ చూడటం, పుట్టింటివాళ్లు వస్తే గొడవ, ఖర్చు చేసిన ప్రతి రూపాయికీ లెక్క, పిల్లల్ని తీసుకుపోతానని బెదిరింపు. 1984లో అమెరికాలోని డులుత్‌లో హింస అనుభవించిన ఆడవాళ్ల బృందాలు చెప్పిన మాటల్ని పోగేసి ఒక చక్రం బొమ్మ గీశారు, దాని ఎనిమిది ఆకుల్లో ఒంటరిని చెయ్యడం, డబ్బు బిగించడం, పిల్లల్ని అడ్డం పెట్టుకోవడం వేరువేరుగా ఉంటాయి. కొట్టడం ఆ చక్రం చుట్టూ ఉండే పట్టా అయితే, ఇవి లోపలి ఆకులు. బొమ్మ నా ఫైల్లో ఉంది, తియ్యాలని చెయ్యి దురద పెట్టింది, తియ్యలేదు. ఆవిడ "వింటే చాలు" అంది కాబట్టి. రెండు వారాల తర్వాత తనే అడిగితే చూపించాను.

7వ వారం

మీటింగ్ మామూలే. నేను చేసుకున్న హోంవర్క్ రాస్తాను, ఎందుకంటే ఇది మొదటి రోజే చెయ్యాల్సింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం ప్రపంచంలో దాదాపు ప్రతి ముగ్గురు ఆడవాళ్లలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు శారీరక హింసో లైంగిక హింసో ఎదుర్కొన్నవాళ్లే. మా గుండ్రంలో ఎంతమందో మనసులో లెక్క వెయ్యబోయి ఆపేశాను. అదే సంస్థ 2014లో వైద్య సిబ్బంది కోసం ఒక చేతిపుస్తకం తెచ్చింది, అందులో ఐదు మెట్లు: వినాలి, వాళ్లకి ఏం కావాలో అడగాలి, నమ్ముతున్నామని తెలిసేలా మాట్లాడాలి, భద్రత గురించి ఆలోచించాలి, సాయం దొరికే చోటికి కలపాలి. "బయటికి వచ్చెయ్" అని చెప్పమని ఎక్కడా లేదు. వదిలి వచ్చే సమయమే చాలాసార్లు అన్నిటికన్నా ప్రమాదకరం, ఎప్పుడు, ఎలా అన్నది ఆ మనిషే నిర్ణయించుకోవాలి, మన ఆవేశం కాదు.

ఫోన్ విషయంలో మార్పులు కూడా చేశాం. మెసేజ్‌లలో మీటింగ్ టైమ్, దారం రంగు తప్ప ఇంకేం రాయం. ఫోన్ చేస్తే మొదటి మాట "ఇప్పుడు మాట్లాడొచ్చా?" జవాబు "తర్వాత కుట్టిస్తాను" అని వస్తే పక్కన ఎవరో ఉన్నారని అర్థం, పెట్టేస్తాం.

8వ వారం

గొడవ. ఒకామె ఇక్కడ చెప్పిన సంగతి బయట తిరిగి ఆమె చెవికే వచ్చింది. దాన్ని బయట చెప్పినామె ఏడుస్తూ "నేను పేరు చెప్పలేదు, ఒట్టు" అంటోంది. నిజమే, పేరు చెప్పలేదు. కానీ ఇద్దరు పిల్లలు, ఫలానా ఉద్యోగం, ఫలానా వీధి అన్నాక పేరెందుకు? మాట మాట పెరిగింది. ఇద్దరు లేచి వెళ్లిపోయారు, గుడ్డముక్కలు కుర్చీల్లోనే వదిలేసి.

ఇందులో నా తప్పు ఉంది. "ఇక్కడ మాట్లాడింది ఇక్కడే" అని గోడకి అంటించాను గానీ, దాని అర్థమేమిటో ఎప్పుడూ విడమరిచి చెప్పలేదు. మిగిలినవాళ్లం కూర్చుని మళ్లీ రాశాం. మన అనుభవం, మనం నేర్చుకున్నది ఎక్కడైనా చెప్పుకోవచ్చు. ఇంకొకరి కథ పేరు తీసేసి కూడా చెప్పకూడదు. ఒక మినహాయింపు: ఎవరి ప్రాణానికైనా, ఏ పిల్లలకైనా ప్రమాదం ఉందని తెలిస్తే రహస్యం ఉంచుతామని మాట ఇవ్వలేం, ఆ సంగతి మొదటి రోజే ముఖం మీద చెప్పేస్తాం.

బ్రూస్ టక్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1965లోనే చెప్పాడు, ఏ చిన్న గుంపైనా కలుసుకోవడం, కొట్లాడుకోవడం, పద్ధతులు కుదుర్చుకోవడం, పని చెయ్యడం అనే దశలు దాటుతుందని. చదివితే కాస్త ధైర్యం వచ్చింది. కానీ లేచి వెళ్లినవాళ్లకి ఫోన్ చేసి "ఇది రెండో దశండీ" అని చెప్పలేం కదా. ఒకామె ఇంటికి నేను, ఇంకో ఇద్దరం వెళ్లాం. తిరిగి వచ్చింది. బయట చెప్పినామె మాత్రం మళ్లీ రాలేదు, ఎన్నిసార్లు పిలిచినా. అది ఇప్పటికీ నాకు గుచ్చుకుంటూనే ఉంది.

9వ వారం

హాజరు లెక్కలు: 11, 10, 10, 9, 8, 9, 7, 5. ఈ వారం 4. గొడవ వల్లే అనుకుని కుంగిపోయాను. చిన్నమ్మాయి అంది, "అక్కా, గొడవకి ముందు నుంచే తగ్గుతోంది చూడండి" అని. రానివాళ్లందరికీ ఫోన్ చేసి ఒకటే అడిగాను, రాకపోవడానికి కారణం ఏమిటని. గొడవ అన్నది ఒక్కరే. మిగతావాళ్లు: మూడింటికి పిల్లల్ని ఎవరు చూస్తారు, మూడింటికి ఇంట్లో మంచాన ఉన్న పెద్దావిడకి మందులు, నాలుగింటికి నీళ్లు, చీకటి పడకముందే బస్సు. ఎనిమిది వారాలు నా టైముకి వాళ్లని పరిగెత్తించాను, ఒక్కరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. నోరు విప్పి మాట్లాడటం నేర్పే గ్రూపు ఇది.

ఉదయం 10:30కి మార్చాం. గది మూలన చాప వేసి పిల్లలకి రంగు పెన్సిళ్లు పెట్టాం, వారానికి ఒకరు వాళ్ల దగ్గర కూర్చుంటారు. పదో వారం 9 మంది వచ్చారు. నా 16 టాపిక్కుల్లో చాప లేదు.

11వ వారం

దుకాణంలో పనిచేసే ఆవిడకి మూడేళ్లుగా జీతం పెరగలేదు. "సలహా కావాలి, బాగా కావాలి" అంది. సలహాకి బదులు రిహార్సల్ చేద్దామన్నారు ఎవరో. బాగా మాట్లాడే ఇద్దరిలో ఒకామె ఓనరయింది, కాలు మీద కాలేసుకుని ఫోన్ చూసుకుంటూ అచ్చం అలాగే.

మొదటిసారి ఈవిడ మొదలుపెట్టింది: "ఏమీ అనుకోకండి సార్, మీకు వీలైతేనే..." అక్కడే ఆపాం. రెండోసారి: "నాకు తెలుసు సార్, మీకూ కష్టంగానే ఉంది." ఓనరు వెంటనే "తెలుసు కదా మరి" అనేసింది. మూడోసారి అంకె చెప్పింది గానీ, చెప్పిన మరుక్షణం తనే తగ్గించేసింది. అంకె చెప్పాక నోరు మూసుకోవడం ప్రాక్టీసు చేయించాం, అదే అన్నిటికన్నా కష్టం. గడియారం పట్టుకుని పది సెకన్లు. గదంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది. నాలుగోసారికి ఆవిడ నిలబడి, "సార్, మూడేళ్లయింది. నా జీతం పెంచాలి" అని అంకె చెప్పి, ఓనరు కళ్లలోకి చూస్తూ ఊరుకుంది. పదకొండో సెకనులో ఓనరే నవ్వేసింది.

బుధవారం నిజంగా అడిగిందట. అడిగినదాంట్లో సగం పెరిగింది, మిగతాది "చూద్దాం" అన్నారట. సగమేనా అని నాకు లోపల చిరాకేసింది. ఆవిడ మాత్రం, "చూద్దాం అంటే ఎప్పుడు సార్ అని కూడా అడిగాను" అంది.

13వ వారం

పన్నెండో వారం నాకు జ్వరం. మీటింగ్ రద్దు చేద్దామని మెసేజ్ టైప్ చేస్తుంటే పెద్దావిడ ఫోన్ చేసి, "తాళంచెవి లైబ్రరీలో ఇచ్చేస్తావా, ఎవరితోనైనా పంపుతావా?" అని అడిగింది. రద్దు మాట ఎత్తడానికి సందివ్వలేదు.

ఈ వారం వెళ్లి నోట్‌బుక్ తెరిచాను. చిన్నమ్మాయి చేతిరాత. 10 మంది వచ్చారు, ఒకామె కొత్త, ఎవరో తీసుకొచ్చారు. పాస్‌లు రెండు. అడగని సలహాలు ఒకటి. ఆ రోజు ప్రశ్న: "ఈ వారం దేనికి 'కుదరదు' అన్నారు?" జవాబులు రాయలేదు, రూల్ ప్రకారం. కింద ఒక తీర్మానం: మూడు నిమిషాలు చాలడం లేదు కాబట్టి ఇకమీదట నాలుగు. నన్ను అడగకుండానే నా రూల్ మార్చేశారు. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం మనసు చివుక్కుమంది.

అందరూ వచ్చి కూర్చున్నారు. నా అలవాటు కుర్చీలో కొత్తామె కూర్చుంది, తనకి తెలీదు కదా. నేను పిల్లల చాప వైపున్న కుర్చీ లాక్కున్నాను. పెద్దావిడ ఒళ్లోని గుడ్డ మీంచి కళ్లెత్తకుండా గడియారం నా చేతిలో పెట్టి, "ఇవాళ ఇది నీ పని" అంది, "నాలుగు నిమిషాలు, మర్చిపోకు."